గుమ్మం మీది ఆరు

ఆరును తొమ్మిది చేస్తారట!

సెరఫీనా చేతుల్లో రొట్టెపిండి ముద్ద అలాగే ఉండిపోయింది. ఎదురుగా కూతురు లూచియా ఒక పలచటి పుస్తకం పట్టుకుని కూర్చుంది. హార్లో పట్టణంలో ఇటలీవాళ్ల గుడి, అంటే సాన్ రోక్కో గుడి, పుట్టి పాతికేళ్లు నిండుతున్నాయని గుడివాళ్లు అచ్చువేయించిన పుస్తకం అది. సెరఫీనాకు చదువు రాదు. అరవై ఒక్క ఏళ్లు వచ్చినా ఆ లోటు ఆమెకు ఎప్పుడూ తెలియలేదు. ఇప్పుడు మాత్రం ఆ కాగితాన్ని కళ్లతో కాల్చేయాలనిపించింది.

"ఏదీ, మళ్లీ చదువు."

లూచియా గొంతు సవరించుకుంది. "'1909వ సంవత్సరంలో మహాఘనులైన బిషప్ గారు, దయగల తమ హృదయంతో, ఇటలీ నుంచి వచ్చిన బీద కూలీల ఆత్మల మేలు కోరి, వారికంటూ ఒక విచారణను, అంటే ప్రత్యేక సంఘాన్ని, సొంత గుడిని, సొంత గురువును ప్రసాదించారు.'"

"ప్రసాదించారా! పళ్లెంలో పెట్టి అందించారా? సొమ్మొకడిది, సోకొకడిది."

"ఇంకా ఉందమ్మా. 'గుడి గుమ్మం మీది రాతిలో పొరపాటున 1906 అని చెక్కి ఉన్న సంవత్సరాన్ని ఈ పండుగ సందర్భంగా సరిదిద్దుతున్నాము.'"

"పొరపాటునా?"

లూచియా పుస్తకం మూసింది. తర్వాతి మాట తల్లికి ఎలా చెప్పాలో తెలియక గిన్నెలో పిండి వంక చూసింది. "రేపు పొద్దున్నే చేస్తారట. చేసేది నాన్నేనట."

సెరఫీనా పిండిచేతులతోనే పెరట్లోకి నడిచింది. మొగుడు సవేరియో టమాటాలు కోసి బుట్టలో పెడుతున్నాడు. ముప్ఫై అయిదేళ్లు గ్రానైటు కొట్టిన మనిషి. ఇప్పుడు బుట్ట ఎత్తినా ఆయాసమే. ఆ రాతిదుమ్మంతా ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుంది.

"ఏమయ్యా," అంది సెరఫీనా, "మీ అమ్మ చావు పొరపాటా?"

ఆయన తల ఎత్తలేదు. ఎత్తకపోవడంతోనే సంగతంతా తెలిసిపోయింది.

"మన గుడి ఫాదర్ అడిగాడే. మర్యాదగానే అడిగాడు. ఎల్లుండి బిషప్ గారొస్తున్నారు, కాగితంలో ఒకటుండి రాతి మీద ఇంకోటుంటే బాగోదన్నాడు."

"మర్యాదగా అడిగితే ముక్కు కోసిచ్చేస్తావా?"

"నేను కాదంటే బయట్నించి ఎవణ్నో పిలిపిస్తాడు. వాడు మిషనేసుకుని వచ్చి రాయిని చెడగొడతాడు. నేనైతే నీటుగా..."

"నీటుగానట! గొంతు కోసేవాడు కత్తి బాగా నూరానని చెప్పుకున్నట్టుంది."

సవేరియో ఏదో అనబోయాడు. దగ్గు అడ్డొచ్చింది. ఆ దగ్గు తగ్గేదాకా సెరఫీనా ఆగింది. కోపం మాత్రం ఆగలేదు.

ఆ కోపం నిన్న మొన్నటిది కాదు. ముప్ఫై ఆరేళ్ల కిందట, ఇటలీలో బసిలికాతా కొండల్లోని ఊరు వదిలి, అత్త నున్సియాతో కలిసి సెరఫీనా ఓడ దిగింది. అంతకు రెండేళ్ల ముందే సవేరియో హార్లో రాతిక్వారీలో పనికి కుదిరాడు. వచ్చిన మొదటి ఆదివారమే అత్తాకోడళ్లు తలకు గుడ్డలు కట్టుకుని పూజకు బయల్దేరారు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కతోలిక గుడి సెయింట్ బ్రెండన్. ఐర్లాండువాళ్లు కట్టించుకున్నారు. కట్టించుకున్నది వాళ్లు. కట్టింది మాత్రం సవేరియో లాంటివాళ్లు. ముందువైపు పదకొండు గ్రానైటు మెట్లు. ఒక్కో మెట్టు అంచూ సవేరియో ఉలితో తీసిందే. వాటిని భార్యకు చూపిస్తూ ఆ రోజు ఆయన కాలర్ సర్దుకున్నాడు.

మెట్ల దగ్గర ఒక పెద్దమనిషి నిలబడి చేయి అడ్డం పెట్టాడు. మీ పూజ కింద, అన్నాడు. పక్కసందులో ఒక ఇనప తలుపు చూపించాడు. అది బొగ్గు దించుకునే తలుపు.

నేలమాళిగలో పొయ్యి, పొయ్యి పక్కన బొగ్గుకుప్ప, కుప్ప పక్కన బల్లలు. పై గుడిలో వాళ్లు మోకరిస్తే కింద వీళ్ల నెత్తిన సున్నం రాలేది. ఎందుకిలా అని సవేరియో ఒకసారి ఫాదర్ మల్కాహీని అడిగాడు. ఆయనే ఆ గుడి పెద్ద. ఆయన్ని గారు అనడానికి సెరఫీనాకు ఇప్పటికీ నోరు రాదు.

"మీ బూట్లకి రాతిదుమ్ము ఉంటుందయ్యా," అన్నాడట మల్కాహీ. "పైన తివాచీలు పాడవుతాయి."

రాతిదుమ్ము! ఆ గుడిలో ఏ స్తంభం, ఏ మెట్టు, ఏ కిటికీ చట్రం ఆ దుమ్ములోంచి రాలేదో చెప్పమనండి. అది పీల్చినవాళ్లు కింద, దాన్ని తొక్కినవాళ్లు పైన. ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ సవేరియో నవ్వాడు. సెరఫీనా నవ్వలేదు.

ఇంకో విడ్డూరం ఉంది. మల్కాహీ ఇంటి బట్టలు, పై గుడి పీఠం మీద పరిచే తెల్లగుడ్డలు ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసేది సెరఫీనాయే. ఆమె చేతి గంజి పైకి వెళ్లొచ్చు. చేతులు మాత్రం పైకి వెళ్లకూడదు. ఇంట్లో పొయ్యి మీదకి ఏదో ఒకటి ఎక్కాలి కాబట్టి ఆమె నోరు మూసుకుని ఉతికింది.

1903 చలికాలంలో కొడుకు పోయాడు. పేరు రోక్కో, వయసు ఏడు నెలలు. గొంతు వాచి, మూడు రోజులు పాలు తాగలేక, నాలుగో రోజు ఊరుకున్నాడు. సవేరియోయే చిన్న పెట్టె చేసి తెల్లరంగు వేశాడు. దాన్ని మోసుకుని బొగ్గు తలుపు దగ్గరికి వెళ్లేసరికి బొగ్గుబండి వచ్చి ఉంది. బండివాడు బొగ్గు దించుతున్నాడు. "అయ్యేదాకా ఆగండి, దారి లేదు," అన్నాడు. వాడి తప్పేం ఉంది, వాడి పని వాడిది. పైన గుడి ఖాళీగా ఉంది. పెద్ద తలుపులు రెండూ బార్లా తెరిచే ఉన్నాయి. ఎవరో లోపల ఇత్తడి సామాన్లు తోముతున్నారు. సవేరియో వెళ్లి అడిగాడు. ఇవాళ పైన వేళ కాదు, అని జవాబు వచ్చింది.

మంచులో పెట్టె పట్టుకుని నిలబడ్డారు. బొగ్గు దిగింది. దుమ్ము లేచింది. తెల్ల పెట్టె బూడిదరంగుకు తిరిగింది. సెరఫీనా తలగుడ్డతో తుడిచింది. తుడిచినకొద్దీ మరకలు పాకాయి. బిడ్డ పోయిన దుఃఖం కాలంతో కాస్త మెత్తబడింది. ఆ మరకలు మాత్రం మెత్తబడలేదు.

ఆ సాయంత్రమే అత్త నున్సియా ఒట్టు పెట్టుకుంది. ఆవిడకు అప్పటికి డెబ్బై నాలుగు. పిడికెడు మనిషి, మాట మాత్రం సుత్తిదెబ్బ.

"నేనా తలుపులోంచి పోను," అంది. "నాకు గుమ్మం కావాలి. గుమ్మం లేచేదాకా చావను, రాసి పెట్టుకోండి."

"అలాగే అత్తా, చావొద్దులే," అంది సెరఫీనా ఏడుస్తూనే.

ఆ తర్వాత ప్రతి చలికాలం ఆవిడకు జబ్బు చేసేది. ప్రతిసారీ వీధిలోవాళ్లంతా కొవ్వొత్తులు పట్టుకొచ్చేవాళ్లు. ఆవిడ ఒక కన్ను తెరిచి, "గుమ్మం లేచిందా?" అని అడిగేది. "ఇంకా లేదత్తా," అనేది సెరఫీనా. "అయితే పులుసు పట్రా," అని లేచి కూర్చునేది. జనం నవ్వుకుంటూ కొవ్వొత్తులు ఇంటికి పట్టుకుపోయేవాళ్లు.

రాతిపనివాళ్లంతా కలిసి బిషప్ గారికి అర్జీ పంపారు. మాకు మా భాష మాట్లాడే గురువు కావాలి, మా గుడి మేమే కట్టుకుంటాం, మీరు రాయి కూడా ఇవ్వనక్కర్లేదు అని. మూడు నెలలకు రెండు వరుసల జవాబు వచ్చింది: హార్లోలో గుడి ఉన్నది కదా, రెండవది దేనికి? కడుపు నిండినవాడికి పక్కవాడి ఆకలి చాడీలా వినిపిస్తుంది.

"అడిగితే కాదన్నారు. అడక్కుండా కడదాం," అంది నున్సియా.

క్వారీ యజమాని మతం వేరు. అయినా ఆయనే, రాతిచెక్కు పారబోసే దిబ్బ చూపించి, పనికొస్తే తీసుకోండి అన్నాడు. 1906 ఎండాకాలమంతా మగవాళ్లు షిఫ్టు దిగాక ఆ దిబ్బ చదును చేశారు. గోడల గీతలకు మేకులు పాతి తాళ్లు కట్టారు. ఆ తర్వాత వాళ్లు చేసిన పని చూసి ఐర్లాండువాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. గోడలు లేవు, కప్పు లేదు. ఖాళీ నేలలో ముందుగా గుమ్మం నిలబెట్టడం మొదలెట్టారు!

వాళ్ల కొండల్లో పద్ధతి అంతే. ఏ ఇల్లు కట్టినా మొదట గడప వేసి, కమాను నిలబెడతారు. ఆ ఇంటికి పెద్దదైన ఆడమనిషి గుప్పెట్లో ఉప్పు పట్టుకుని గడప దాటాలి. ఆవిడ దాటాకే గోడలు. దాటిన రోజు నుంచే ఆ ఇంటికి వయసు లెక్క. గోడలు ఎప్పుడు లేచినా సరే, కప్పు ఎప్పుడు పడినా సరే.

అక్టోబరులో కమాను లేచింది. కమానును బిగించి నిలిపే నడినెత్తి రాయి ఒక్కటే మిగిలింది. అది బుధవారం పెట్టారు. ఆదివారం నాడు నున్సియా ఉప్పు పట్టుకుని దాటాలని అనుకున్నారు. ఆవిడ కొత్త గౌను కూడా కుట్టించుకుంది. గురువారం మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ, "గుమ్మం లేచిందా?" అని అడిగింది.

"లేచిందత్తా," అంది సెరఫీనా సంబరంగా.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో. నున్సియా తల ఊపింది. ఒళ్లో గింజలు అలాగే ఉన్నాయి. ఇంక పులుసు అడగలేదు.

శుక్రవారం పొద్దున సెరఫీనా ఇస్త్రీ చేసిన పీఠం గుడ్డల మూట పట్టుకుని మల్కాహీ దగ్గరికి వెళ్లింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ముసలావిడను ముందు తలుపులోంచి రానివ్వమని అడిగింది. మోకాళ్ల మీద పడి అడిగింది. ఆ సంగతి సవేరియోకు కూడా ఆమె ఇన్నేళ్లలో చెప్పలేదు.

"రేపు ఏడింటికి. పక్క తలుపు తీసి ఉంచుతారు," అన్నాడు మల్కాహీ, మూట అందుకోవడానికి చేయి చాస్తూ.

సెరఫీనా లేచింది. మూట విప్పింది. మంచులా మెరుస్తున్న గుడ్డలను ఒక్కొక్కటే ఆయన కాళ్ల దగ్గర నేల మీద వదిలింది.

"వీటికి నేలమాళిగ చేతులు తగిలాయి ఫాదర్. మళ్లీ ఉతికించుకోండి, మీ తివాచీ పాడవుద్ది."

అదే ఆ ఇంటికి ఆమె చేసిన ఆఖరి చాకిరీ.

ఆ శుక్రవారమంతా సవేరియో నిచ్చెన మీదే ఉన్నాడు. తిండి కూడా తినలేదు. నడినెత్తి రాయి మీద నాలుగు అంకెలు చెక్కాడు. 1906. మర్నాడు నున్సియాను ఆ దిబ్బ మీదకి మోసుకొచ్చారు. పెట్టె మీద కప్పడానికి సెరఫీనా తన పెళ్లిదుప్పటి తెచ్చింది. అత్త గుప్పెట్లో ఉప్పు పోసి వేళ్లు మూసింది. రెండు వందల మంది మగవాళ్లు, గోడలు రావాల్సిన తాళ్ల వెంట భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. వాళ్లే గోడలు. బూట్ల నిండా రాతిదుమ్ము. పెట్టె గడప దాటి లోపలికి వచ్చింది. గురువు లేడు. ఆడవాళ్లే జపమాల చెప్పారు.

ఆ ఆదివారం మల్కాహీ పీఠం ముందు నిలబడి, అది పాపమని ప్రకటించాడు. బిషప్ గారు మూడేళ్లు పలకలేదు. చివరికి వేరే మతం మిషన్ వాళ్లు ఇటలీ వీధిలో సూప్ పోసి, ఇటలీ భాషలో పాటలు నేర్పడం మొదలెట్టాక, ఆ సూప్ వాసన బిషప్ గారుండే మేత్రాసనం దాకా వెళ్లాక, ఆయన కలం కదిలింది. 1909లో సంతకం పడింది. అప్పటికి గోడలు లేచి, కప్పు పడి, గంట కూడా మోగుతోంది. దయగల హృదయం కథ అదీ!

పుస్తకం చదివించుకున్న మర్నాడు పొద్దున్నే సెరఫీనా వంటింటి కుర్చీ ఒకటి చంకన పెట్టుకుని గుడికి వెళ్లింది. గుమ్మం నడిమధ్యన, గడప మీద వేసుకుని కూర్చుంది. కాసేపటికి గుడి గురువు ఫాదర్ అన్సెల్మో వచ్చాడు. ఈ వీధిలోనే పుట్టి పెరిగినవాడు. చదువు ఎక్కువ, నోరు మెత్తన. పండుగ పుస్తకం రాసింది ఆయనే.

"పెద్దమ్మా, ఇక్కడ కూర్చున్నారేంటి? దారికి అడ్డం కదా."

"ఈ ఊళ్లో మాకు దారికి అడ్డం పడ్డవాళ్లని చాలామందిని చూశాను నాయనా. ఒక్కరోజు నన్నూ పడనీ."

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "అంకె కోసమేనా? చరిత్ర సరిగ్గా ఉండాలి కదా పెద్దమ్మా. ఉత్తర్వు తేదీ 1909. అంతకుముందు ఇక్కడ విచారణ లేదు."

"నువ్వున్నావుగా? నీ జ్ఞానస్నానం ఎక్కడయ్యింది?"

"సెయింట్ బ్రెండన్లో."

"సెయింట్ బ్రెండన్లో ఎక్కడ?"

అన్సెల్మో అంగీ అంచు సర్దుకున్నాడు.

"మీ అమ్మ చెప్పలేదా? బొగ్గుకుప్ప పక్కన. నిన్నెత్తుకుంది నేనే. తెల్లగౌనులో తీసుకెళ్లి చారల పిల్లిలా తీసుకొచ్చాను. నీకు రెండుసార్లు పోశారు నీళ్లు. గురువు పోసింది తల మీద, ఇంటికొచ్చాక నేను పోసింది ఒంటి నిండా. నీ పుస్తకంలో అదుందా?"

"కాగితాల్లో లేదు పెద్దమ్మా. నేను దొరికిన కాగితాలన్నీ చూశాను."

"ఆ కాగితాలు రాసినవాళ్లు మెట్లెక్కి వెళ్లినవాళ్లు బాబూ. మేం సంతకం పెట్టింది దీని మీదే," అని సెరఫీనా అరచేత్తో గుమ్మపు రాయిని కొట్టింది. తర్వాత చెప్పింది. చిన్న పెట్టె గురించి, బొగ్గుబండి గురించి, గుప్పెట్లో ఉప్పు గురించి. మోకాళ్ల మీద పడ్డ సంగతి కూడా చెప్పింది. "బిషప్ గారు ఇచ్చిన గుడైతే తొమ్మిది చెక్కుకో. మా అత్త ప్రవేశించిన గుడైతే దాన్ని ముట్టుకోకు."

అప్పుడు వెనక నిచ్చెన చప్పుడైంది. సవేరియో ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. ఒక చేత్తో నిచ్చెన, ఇంకో చేతిలో ఉలుల సంచి. ఆయన మొహం రాతిలాగే ఉంది.

"కుర్చీ కాస్త జరుపు," అన్నాడు.

"జరపను."

ఆయన నిచ్చెనను కుర్చీ పక్కనే ఆనించి, ఒక్కో మెట్టుకూ ఆగుతూ, దగ్గుతూ, పైకెక్కాడు. సెరఫీనా కళ్లు మూసుకుంది. సుత్తి పడింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. నల్లగౌను మీద సన్నటి రాతిపొడి రాలుతోంది. అత్త కన్నకొడుకే, అనుకుంది. కన్నకొడుకే చెరిపేస్తున్నాడు. లేచి నిచ్చెన లాగేద్దామన్నంత ఆవేశం వచ్చింది. ముసలాడు పడితే లేవడు. పళ్లు బిగించి కూర్చుంది. చాలాసేపటికి చప్పుడు ఆగింది.

"పెద్దమ్మా," అన్నాడు అన్సెల్మో మెల్లగా. "ఒకసారి పైకి చూడండి."

ఇరవై ఎనిమిదేళ్ల మసి పోయింది. ఆరు ఆరుగానే ఉంది. కాకపోతే, రెండు వేళ్లు దూరేంత లోతున, కొత్తగా, తెల్లగా మెరుస్తోంది.

సవేరియో దిగి నిచ్చెన పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "ఇప్పుడు దీన్ని ఎవడైనా తొమ్మిది చెయ్యాలంటే," అన్నాడు ఫాదర్ తో, "రాయంతా పీకాలి. రాయి పీకితే కమాను కూలుద్ది."

"పీకమను, చూద్దాం," అంది సెరఫీనా, ఒళ్లో పొడి దులుపుకోకుండానే. "నువ్వు ఇంటికి పో, పులుసు పొయ్యి మీదుంది. బిషప్ గారొచ్చి ఆ అంకె చదువుకునేదాకా ఈ కుర్చీ ఇక్కడ్నించి కదలదు."